ఆ కుంచె ఎవరిది?

వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఒక చిన్న చిత్రం ఉంది. ఎత్తు 20 సెంటీమీటర్లు, వెడల్పు 18కి కాస్త తక్కువ. నిండా జానెడు కూడా లేని చెక్క పలక. దాని మీద వెడల్పాటి టోపీ పెట్టుకుని, చేతిలో పిల్లనగ్రోవి పట్టుకుని మనవైపు చూస్తున్న ఒక అమ్మాయి. కొందరు పండితులకు అనుమానాలు ఉన్నా, ఆ చిత్రం చాలాకాలం 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు యోహానెస్ వెర్మీర్ పేరు కిందే నడిచింది. 2022 అక్టోబరులో ఆ మ్యూజియమే, తన దగ్గరున్న చిత్రాన్ని తానే పరీక్షించి, ఇది వెర్మీర్ వేసింది కాదని ప్రకటించింది. సుమారు నాలుగు నెలలకే ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం తన వెర్మీర్ ప్రదర్శనలో అదే పలకను వెర్మీర్ పేరుతోనే గోడకు పెట్టింది.

రెండుచోట్లా ఉన్నవాళ్లు చిత్రాల్ని పరీక్షించే విద్యలో ఆరితేరినవాళ్లే. వాషింగ్టన్ బృందం తీసిన ఎక్స్-రే చిత్రాలు, రంగుల రసాయన పటాలు ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లకు తెలియనివీ కావు. మరి తీర్పు ఎందుకు చీలింది? సమాచారం పెరిగేకొద్దీ సందేహం తగ్గుతుందని మనం దాదాపు ఆలోచించకుండానే నమ్ముతాం. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో పాత చిత్రాల దగ్గర కూర్చుని పరీక్షించి చూద్దాం.

ముందుగా వినవలసిన అభ్యంతరం ఒకటుంది. బొమ్మ బాగుంటే చాలదా, ఎవరు వేస్తే ఏం? ఇది తేలిగ్గా కొట్టిపారేయగల ప్రశ్న కాదు. బెర్లిన్‌లో ‘బంగారు శిరస్త్రాణం ధరించిన మనిషి’ అనే చిత్రం ఉంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ పేరుతో నడిచిన చిత్రాల్లో అది ఎంతో ప్రసిద్ధమైనది. 1980ల మధ్యలో, న్యూట్రాన్లతో చేసిన పరీక్షల తర్వాత, అది రెంబ్రాంట్ వేసింది కాదనీ ఆయన పరివారంలోని మరెవరో వేశారనీ మ్యూజియం చెప్పింది. ఆ చిత్రంలో శిరస్త్రాణం మీది మెరుపును చిత్రకారుడు మందంగా, గోడకు సున్నం మెత్తినట్టు, ఉబ్బెత్తు రంగుతో వేశాడు. ఆ ప్రకటన తర్వాత ఆ రంగు రవ్వంత కూడా రాలలేదు. చూసేవాళ్ల చూపు మాత్రం మారిపోయింది. అంటే ఇన్నాళ్లూ మనం చూసింది చిత్రాన్నా, దాని కిందున్న పేరునా?

ఇది నిజాయితీగా వేసుకోవలసిన ప్రశ్నే. కానీ దీనికి పేరు మోజు ఒక్కటే జవాబు అనుకుంటే తొందరపడ్డట్టే. ఇంట్లో దాచుకున్న పాత ఉత్తరం ఒకటి నాన్న రాసింది కాదనీ, ఆయన చెప్పగా వేరెవరో రాశారనీ ఒకరోజు తెలిసిందనుకుందాం. అక్షరాలు అవే, మాటలు అవే. అయినా ఏదో మారుతుంది. ఎందుకంటే మనం ఉత్తరాన్ని మాటల మూటగా తీసుకోలేదు, ఒక మనిషి చేసిన పనిగా తీసుకున్నాం. చిత్రమూ అంతే. ఎవరో ఒకరు ఒక వెలుతురు ముందు నిలబడి, ఒక నిర్ణయం వెంట ఇంకో నిర్ణయం తీసుకుంటూ చేసిన పని అది. ఆ పని ఎవరిదని అడగడంలో ధర్మం కూడా ఉంది. పని ఒకరిదీ పేరు ఇంకొకరిదీ అయితే, చేసినవాడు చనిపోయి 350 ఏళ్లయినా అది అన్యాయమే. డబ్బు సంగతి అందరికీ తెలిసిందే. 1958లో 45 పౌండ్లకు అమ్ముడైన ‘సాల్వేటర్ ముండి’ లియొనార్డో పేరు వచ్చాక 2017లో 45 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. కానీ నన్ను ఈ విషయం దగ్గర నిలబెట్టింది ఆ ధర కాదు, ధర్మం ప్రశ్నే.

చేతిని గుర్తుపట్టే విద్య కంప్యూటర్లతో మొదలుకాలేదు. కవరు మీది దస్తూరి చూసి ఉత్తరం ఎవరు రాశారో చెప్పగలిగిన తరం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఎలా తెలిసిందని అడిగితే వాళ్లు చెప్పలేరు, చూడగానే తెలుస్తుందంటారు. 19వ శతాబ్దంలో ఇటలీకి చెందిన జొవాన్ని మొరెల్లి ఆ ‘ఎలా’కు జవాబు వెతికాడు. ఆయన వైద్యం చదువుకున్నవాడు. చిత్రకారుడు ముఖం దగ్గర, చూపు దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకుని వేస్తాడు, గురువును అనుకరిస్తాడు, కొన్నవాడి ఇష్టం చూసుకుంటాడు. చెవి తమ్మె, వేలి గోరు, బట్ట మడత దగ్గరికి వచ్చేసరికి చేయి తన అలవాటున తాను పోతుంది. కాబట్టి మనిషిని అక్కడ పట్టుకోవాలన్నాడు మొరెల్లి. డ్రెస్డెన్ గ్యాలరీలో టిషన్ చిత్రానికి నకలుగా పడి ఉన్న ‘నిద్రిస్తున్న వీనస్’ అసలు జార్జోనె చిత్రమని ఆయన గుర్తించాడు. ఈనాటి గణన పద్ధతులకు బీజం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది: ఎవరూ పట్టించుకోని చిన్న చిన్న గుర్తుల్ని వరసగా పోగుచేసి సరిపోల్చడం.

అయితే అనుభవం పండిన కన్నుకూడా ఎంత దారుణంగా మోసపోగలదో 1937లో తేలింది. అబ్రహాం బ్రెడియస్ అప్పటికి 82 ఏళ్లవాడు. హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియానికి డైరెక్టరుగా పనిచేసినవాడు, డచ్ చిత్రకళలో ఆయన మాటకు తిరుగులేదు. ఎమ్మావులో క్రీస్తు భోజనానికి కూర్చున్న దృశ్యం ఒకటి ఆయన ముందుకు వచ్చింది. అది వెర్మీర్ చిత్రమని, గొప్ప చిత్రమని ఆయన పరవశించి రాశాడు. ఆ తర్వాత రాటర్‌డామ్ మ్యూజియం కోసం దాన్ని 5 లక్షల గిల్డర్లకు పైగా పెట్టి కొన్నారు. అది వెర్మీర్ కాలానిది కానే కాదు. హాన్ వాన్ మేగెరెన్ అనే సమకాలికుడు పాత కాన్వాస్ మీద, రంగులో బేకలైట్ రసాయనం కలిపి, పొయ్యిలో కాల్చి గట్టిపరిచి చేసిన నకిలీ. తానే చేశానని 1945లో అరెస్టయ్యాక అతను ఒప్పుకున్నాడు. ఎవరూ నమ్మకపోతే అధికారుల ముందు ఇంకో ‘వెర్మీర్’ వేసి చూపించాడు.

బ్రెడియస్‌ను మోసం చేసింది కన్నే అనుకోవాలా? నేను అలా అనుకోను. వెర్మీర్ తొలి రోజుల్లో బైబిలు కథలు వేశాడనడానికి ఒక చిత్రం దొరికింది. దాన్ని 1901లో గుర్తించినవాళ్లలో బ్రెడియస్ ఒకరు. అలాంటివి ఇంకా ఉండి ఉంటాయని పండితులు ఎదురుచూస్తూ వచ్చారు. నకిలీకారుడు వాళ్ల ఎదురుచూపునే రంగుల్లో పెట్టి ఇచ్చాడు. జీవితమంతా ప్రేమించిన చిత్రకారుడి కొత్త చిత్రం చేతికి వస్తుంటే, ‘ఇది నాకు ఇంతగా నచ్చుతోంది కాబట్టే ఇంకోసారి అనుమానించాలి’ అని తనకు తాను చెప్పుకోవడానికి నేర్పు ఒక్కటే సరిపోదు, అంతరాత్మ కూడా మెలకువగా ఉండాలి. మనకు ఇష్టమైనది నిజమైపోవాలనే కోరిక మనలో ఎవరికి లేదు? 1968లో తెల్లరంగులోని సీసం రేడియోధార్మికతను కొలిచి ఆ ఎమ్మావు చిత్రం ఇటీవలిదేనని మళ్లీ రుజువు చేశారు. సీసానికి వెర్మీర్ మీద ప్రేమా లేదు, ద్వేషమూ లేదు. లెక్కల వైపు మనిషి మనసు మొగ్గడానికి కారణం అదే.

లెక్కల్లో నాకు ఎక్కువ గౌరవం కలిగించినది దారాల లెక్క. కాన్వాస్ అంటే నేసిన బట్టే, దానికీ పడుగూ పేకా ఉంటాయి. చిత్రకారుడు బొమ్మ మొదలుపెట్టే ముందు బట్టకు ఒక పూత పూస్తాడు. అందులోని సీసం దారాల సందుల్లో నిండుతుంది. అందువల్ల ఎక్స్-రే తీస్తే బొమ్మ వెనక బట్ట నేత అంతా కనిపిస్తుంది. సెంటీమీటరుకు పడుగు దారాలు ఎన్ని, పేక దారాలు ఎన్ని, ఎక్కడ దగ్గరగా ఉన్నాయి, ఎక్కడ పలచబడ్డాయి అని ఒకప్పుడు భూతద్దం పెట్టుకుని లెక్కపెట్టేవాళ్లు. అమెరికాలోని రిచర్డ్ జాన్సన్, డాన్ జాన్సన్ అనే ఇద్దరు ఇంజినీరింగ్ ప్రొఫెసర్లు ఆ పనిని కంప్యూటరుకు నేర్పారు. చేతిమగ్గం మీద నేసిన బట్టలో దారాల ఎడం ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. ఆ హెచ్చుతగ్గులు తాను పొడవునా చారల్లా సాగుతాయి. రెండు చిత్రాల చారలు కలిస్తే రెండూ ఒకే తాను ముక్కలన్నమాట. ఈ మాటను మనం వాడుకలో మనుషుల గురించి అంటాం. ఇక్కడ అది అక్షరాలా నిజం. పారిస్ లూవ్ర్‌లోని వెర్మీర్ ‘లేస్ అల్లే యువతి’ కాన్వాసూ, ఎంతోకాలం అనుమానంలో ఉన్న ‘వర్జినల్స్ వాద్యం ముందు కూర్చున్న యువతి’ కాన్వాసూ ఒకే తానులోంచి వచ్చాయని ఈ పద్ధతి చూపించింది.

ఇందులో నాకు నచ్చేది ఆ పద్ధతి తన హద్దు దాటకపోవడం. ఒకే తాను ముక్కలైతే రెండూ ఒకే చోట, దాదాపు ఒకే కాలంలో కొన్న బట్ట అయి ఉండవచ్చు. అంతవరకే అది చెబుతుంది. కుంచె పట్టింది ఎవరని చెప్పదు. ఆ తానులోంచి ఇంకెవరూ ముక్క కోసుకోలేదనీ చెప్పదు. మిగతా దారి మనిషి ఆలోచించి నడవాలి.

కుంచె గీతల్నే లెక్కించడం మొదలయ్యాక హద్దులు చెరగడం మొదలైంది. 2004లో డార్ట్‌మత్ కాలేజీ పరిశోధకులు వేవ్‌లెట్ అనే గణిత సాధనంతో పీటర్ బ్రూగెల్ పేరున్న 13 రేఖాచిత్రాల్ని పరీక్షించారు. పని జరిగే తీరు ధాన్యాన్ని వేర్వేరు కన్నుల జల్లెళ్లతో జల్లించడం లాంటిది. ఒక జల్లెడలో పెద్ద గీతలు నిలుస్తాయి, ఇంకోదానిలో చిన్నవి, చివరిదానిలో నూగులాంటి సూక్ష్మ రేఖలు. ఏ జల్లెడలో ఎంత నిలిచిందన్న లెక్కే ఆ చేతి గుర్తు. అసలు బ్రూగెల్‌వి ఒకపక్కా అనుకరణలు ఇంకోపక్కా విడిపోయాయి. పెరుజీనో పేరుతో ఉన్న ఒక మేరీమాత చిత్రంలోని ముఖాలను కూడా పరీక్షించి, అందులో కనీసం నాలుగు చేతులు పనిచేశాయని వాళ్లు చెప్పారు.

ఈ వరసలో ఇంకొందరు ఇలాంటి విజయాలు ప్రకటించారు. 2009లో ఇంగ్రిడ్ దొబెషీ ఉన్న ప్రిన్స్‌టన్ బృందం చేసిన పని వాటన్నిటికంటే నాకు విలువైనదిగా తోస్తుంది. వేవ్‌లెట్ గణితాన్ని పెంచి పెద్దచేసినవాళ్లలో ఆమె ఒకరు. అసలునూ నకలునూ యంత్రం చక్కగా విడదీసిందన్న కొన్ని ప్రయోగాలను వాళ్లు తిరిగి తవ్వారు. ఒక ఇబ్బందికరమైన సంగతి బయటపడింది. కంప్యూటరుకు ఇచ్చిన ఫొటోల స్పష్టత అన్నిటికీ ఒకేలా లేదు. ఆ స్పష్టతలోని తేడా అసలు, నకలు అనే తేడాతో ముడిపడి ఉంది. యంత్రం చిత్రకారుడి చేతిని నేర్చుకున్నదో, ఫొటో మసకను నేర్చుకున్నదో చెప్పలేని పరిస్థితి. విజయంలో ఒక పాలు ఆ మసకదే కావచ్చు. అప్పుడు వాళ్లు ఒక చిత్రకారిణి చేత కొన్ని చిత్రాలు వేయించి, వాటికి ఆమె చేతనే నకళ్లు కూడా వేయించి, అన్నిటినీ ఒకే పద్ధతిలో ఫొటో తీసి పరీక్షను మళ్లీ మొదటినుంచి పెట్టారు.

ఇక్కడ కాసేపు ఆగాలి. యంత్రానికి కోరిక లేదు కాబట్టి మోసపోదనుకున్నాం. కానీ మోసపోవడానికి కోరికే అక్కర్లేదు. మనం అడిగిన ప్రశ్నకు బదులు తనకు సులువైన వేరే ప్రశ్నకు జవాబు చెప్పినా చాలు, ఆ జవాబు మార్కుల్లో సరిగ్గానే కనిపిస్తుంది. ఆ తప్పును బయటపెట్టింది ఇంకో యంత్రం కాదు. తమకు అనుకూలంగా ఉన్న ఫలితాన్ని కూడా విప్పి చూడాలనుకున్న మనుషులు. బ్రెడియస్‌కు ఆనాడు కొరవడిన గుణం అదే. సాధనం ఏదైనా కావచ్చు, కన్ను కావచ్చు, గణితం కావచ్చు. దాన్ని వాడేవాడికి ఆ గుణం ఉందా లేదా అన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

ఇక శాతాల విషయం. ఇంగ్లండ్‌లో ఒక ట్రస్టు దగ్గర మేరీమాత, బాలయేసు ఉన్న గుండ్రని చిత్రం ఉంది. దాన్ని డి బ్రెసీ టోండో అంటారు. 2023 జనవరిలో బ్రాడ్‌ఫర్డ్, నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ముఖాల్ని గుర్తుపట్టే ప్రోగ్రాముతో దాన్ని ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ వేసిన ‘సిస్టీన్ మడోన్నా’తో పోల్చారు. మేరీ ముఖం 97 శాతం, బాలుడి ముఖం 86 శాతం కలిశాయని, ఇది రఫాయెల్ పనే కావచ్చని ప్రకటించారు. అదే ఏడాది ఒక స్విస్ కంపెనీ ప్రోగ్రాము అదే చిత్రాన్ని చూసి, 85 శాతం ఇది రఫాయెల్ వేసింది కాదన్నది. లండన్ నేషనల్ గ్యాలరీలోని రూబెన్స్ ‘శామ్సన్, దెలీలా’ విషయంలో కూడా 2021లో ఆ కంపెనీ ప్రోగ్రామే 91 శాతానికి పైగా ‘కాదు’ అంది.

97 ఒకవైపు, 85 ఇంకోవైపు. పెద్ద అంకె గెలుస్తుందా? ముందు ఆ అంకెలు దేనికి జవాబులో చూద్దాం. మనవరాలు అచ్చం నాయనమ్మ పోలిక అంటాం. అంటే మనవరాలే నాయనమ్మ అని కాదు. ముఖానికి ముఖం ఎంత కలిసిందన్నది ఒక ప్రశ్న, రెంటినీ ఒకే చేయి వేసిందా అన్నది వేరొక ప్రశ్న. శ్రద్ధగల నకలుకారుడు మొదటిదానిలో నూటికి నూరు తెచ్చుకోగలడు. రెండో ప్రోగ్రాము చేతి తీరునే పట్టుకోవాలని చూస్తుంది, నిజమే. కానీ ఏ చిత్రాల్ని చూపించి దానికి రఫాయెల్‌ను నేర్పారు, ఏవి చూపించి ‘ఇది రఫాయెల్ కాదు’ అని నేర్పారు అన్నదాని మీదే ఆ 85 నిలబడి ఉంటుంది. శాతం అన్నమాట వినగానే మన మనసు తూకం వేసినట్టు నెమ్మదిస్తుంది. ఆ తూకపు రాళ్లు ఎక్కడివని అడగటం మన వంతు.

రెంబ్రాంట్ విషయంలో ఈ రాళ్లు ఎన్నిసార్లు మారాయో లెక్క ఉంది. 1935లో తయారైన పట్టికలో ఆయన చిత్రాలు 600కు పైగా ఉన్నాయి. ఆ పట్టిక రాసింది బ్రెడియస్సే. 1968లో నెదర్లాండ్స్‌లో రెంబ్రాంట్ రీసెర్చ్ ప్రాజెక్ట్ మొదలై చిత్రాలను మూడు గంపల్లో వేసింది: ఆయనవి, ఆయనవి కానివి, తేల్చలేనివి. చిత్రాలు దండిగా రాలిపోయాయి. 2014లో చివరి సంపుటం వచ్చేసరికి సంఖ్య 340 దగ్గర నిలిచింది. అప్పటికి పగ్గాలు పట్టిన ఎర్న్‌స్ట్ వాన్ డె వెటరింగ్ ఆ సంపుటంలో, అంతకు ముందు తోసిపుచ్చిన 70 చిత్రాల్ని తిరిగి రెంబ్రాంట్‌కే ఇచ్చాడు. వాటిలో ఆ ప్రాజెక్టే స్వయంగా తోసిపుచ్చినవీ ఉన్నాయి. 1935 పట్టికతో ఒక యంత్రానికి రెంబ్రాంట్‌ను నేర్పి ఉంటే అది ఒక రకం రెంబ్రాంట్‌ను నేర్చుకునేది, 2014 పట్టికతో ఇంకో రకం. రెండింటికీ అది ఒకే ధీమాతో శాతాలు చెప్పేది. లెక్క పుట్టకముందే తీర్పులో సగం అయిపోయి ఉంటుంది.

దీనివల్ల లెక్కలు వృథా అని నేను అనను. ‘ఎవరి చేయి’ అన్న ప్రశ్నలోని ఏకవచనాన్నే అవి కదిలించాయి. మాడ్రిడ్ ప్రాడో మ్యూజియంలోని రఫాయెల్ ‘గులాబీ మడోన్నా’లో మిగతా ముఖాలు ఆయనవే, వెనక ఉన్న యోసేపు ముఖం మాత్రం కాదు అని 2023లో ఒక అధ్యయనం చెప్పింది. దానిపై వాదం ఉండవచ్చు. కానీ ఆ కాలపు వర్క్‌షాపుల్లో రంగులు నూరింది, బట్టల మడతలు వేసింది, చివరికి ఒక ముఖాన్ని పూర్తిగా దిద్దింది శిష్యులు. పేరు గురువుది. ఇలాంటిది మనకు కొత్త కాదు. వేమన మకుటం తగిలించిన పద్యాలు ఎన్నో ఉన్నాయి. అవన్నీ వేమన చెప్పినవే అని ఎవరూ నమ్మరు. వాటిని చెప్పిన ఊరూ పేరూ లేని కవులకు ఆ మకుటమే తలదాచుకునే చోటు అయింది. కాస్త గొప్ప పద్యమైతే వేమనకు చేర్చి, పేలవమైతే ప్రక్షిప్తమనే అలవాటు మనలోనూ ఉంది. మంచిదంతా గురువుకూ లోపమంతా శిష్యుడికీ పంచే అలవాటు ఆ చిత్రాల పండితుల్లోనూ ఉంది. ఒక చిత్రంలో నాలుగు చేతులున్నాయని లెక్క చెప్పినప్పుడు, మొదటిసారిగా మిగతా ముగ్గురు మనుషులు కూడా మన కళ్ల ముందుకు వస్తారు.

ఇన్ని చూశాక నాకు ఒక విషయం దగ్గర మాత్రం సందేహం లేదు. ఇది ఫలానావాడి పని అని చెప్పడం ఒక పూచీ పడటం. బ్రెడియస్ ఘోరంగా తప్పాడు, అయినా ఆ మాట కింద ఆయన పేరుంది. వాన్ డె వెటరింగ్ తమ పాత తీర్పును మార్చినప్పుడు, ఎందుకు మార్చాడో పేజీలకు పేజీలు రాశాడు. 85 శాతం అన్న అంకె రేపు తప్పని తేలితే అది సంజాయిషీ ఇవ్వదు, దానికి సిగ్గూ ఉండదు. అందుకే ఆ అంకెను ముందుపెట్టి మనిషి వెనక్కి తప్పుకోవడం నాకు సమ్మతం కాదు. ‘తేల్చలేనివి’ అనే గంపను కూడా దించేయకూడదు. తెలియనిదాన్ని తెలియదని రాయడానికి ఒక పండితుడికి కావలసిన ధైర్యం, తెలుసని రాయడానికి కావలసినదానికంటే ఎక్కువే.

ఇప్పుడు ఆ జానెడు పలక దగ్గరికి మళ్లీ వెళదాం. వాషింగ్టన్ బృందం ఏం చూసింది? చర్మం మీది నీడల్లో ఆకుపచ్చ మట్టి రంగు ఉంది. వెర్మీర్ వాడిన అరుదైన పద్ధతి అది. ఆయన పని దగ్గరగా చూసినవాడికే తెలిసే కిటుకు. కానీ ఇక్కడ ఆ ఆకుపచ్చను బరువుగా పులిమారు. వెర్మీర్ అడుగు పూతల్లో ముతక రంగు వాడి, పైకి వచ్చేకొద్దీ మెత్తగా నూరిన రంగు వేస్తాడు. ఇక్కడ పై పూతే గరుకుగా ఉంది. కిటుకు తెలుసు, చేయి ఇంకా తిరగలేదు. దీన్నుంచి ఆ బృందం తీసిన నిర్ధారణ ఏమిటంటే, ఒంటరిగా పనిచేశాడని మనం ఇంతకాలం అనుకున్న వెర్మీర్ పక్కన ఇంకొకరు కూర్చుని పనిచేశారు. నాకు ఈ నిర్ధారణే సబబుగా తోస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లు ఒప్పుకోలేదు, వాళ్ల మాటనూ వినాలి. వాషింగ్టన్‌లో ఇప్పుడు ఆ చిత్రం కింద వెర్మీర్ స్టూడియో అని రాసి ఉంది. ఆ పలక మీద కుంచె ఆనించినది శిష్యుడో, స్నేహితుడో, ఇంట్లోవాళ్లో తెలియజేసే కాగితం ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.